దూడకు చెప్పిన మాటలు

చిక్కబళ్ళాపురం లైబ్రరీలో నా చివరి రోజున శాలువా కప్పి, మైసూరుపాకు తినిపించి, నాలుగు మాటలు చెప్పమన్నారు. నాలుగే చెప్పాను. సభ అయ్యాక, ఆ మధ్యే ఉద్యోగంలో చేరిన ఇద్దరమ్మాయిలు నన్ను గుమ్మం దగ్గర పట్టుకున్నారు. "సార్, మేము చదివిందంతా పుస్తకాలకు నంబర్లు వేసేదే. అసలు పని యాడ ఉండాది సార్?" అని వాళ్ళలో ఒకమ్మాయి అడిగింది. నిలబడి చెప్పే జవాబు కాదది. ఇప్పుడు తీరిక దొరికింది కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ప్రమోషన్లు, బదిలీలు, తనిఖీలు వదిలేస్తాను. అవి మీకూ వస్తాయి, మీరే పడతారు. పనికొచ్చేవి ఒకటి రెండు చెబుతాను.

మాది చింతామణిలో బెల్లం, చింతపండు అమ్మే ఇల్లు. నేను లైబ్రరీలో చేరానని తెలిసి మా నాన్న కొన్నాళ్ళు ఆ సంగతి బజార్లో ఎవరికీ చెప్పుకోలేదు. "సరుకు ఊరికే ఇచ్చి, మళ్ళీ తెచ్చియ్యండప్పా అని అడుక్కునే యాపారం యాడన్నా ఉండాదా?" అనేవాడు. ఉంది నాన్నా. జీవితమంతా చేశాను. నష్టం రాలేదు.

తాళం వేసిన అల్మారా

చింతామణిలో నా మొదటి పై అధికారి సీతారామయ్య సారు. మంచి పుస్తకం ఏది వచ్చినా అద్దాల అల్మారాలో పెట్టి తాళం వేసేవారు. ఎవరైనా అడిగితే అద్దంలోంచి చూపించేవారు. "ముగ్గురు చదివితే నలుగుతాదప్పా. నలిగితే నేను జవాబు చెప్పాల" అనేవారు నాతో. నాకు ఒళ్ళు మండేది. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు తాళం తీసి పుస్తకాలు ఇచ్చేవాణ్ణి, వాటిని సాయంత్రం లోపల తెచ్చివ్వమని బతిమాలేవాణ్ణి.

కానీ ఆ మనిషి దగ్గరే నేను పుస్తకాన్ని చేత్తో పట్టుకోవడం నేర్చుకున్నాను. మైదా జిగురులో మైలతుత్తం కలిపితే పురుగు రాదని, తడిసిన పుస్తకాన్ని ఎండలో కాక నీడలో, నిలబెట్టి ఆరబెట్టాలని ఆయనే చూపించారు. రిటైరయ్యాక ఒకరోజు మామూలు పాఠకుడిలా వచ్చి, బాగా నలిగి అంచులు విరిగిన ఒక నవల చేతిలోకి తీసుకున్నారు. తిడతారనుకున్నాను. "ఇంతగా నలిపినారంటే ఇందులో ఏమో ఉండాది" అని ఇంటికి పట్టుకెళ్ళారు. అధికారుల మీద కోపం పెట్టుకోండి, తప్పులేదు. కానీ వాళ్ళకు తెలిసిన పని మాత్రం వదలకుండా లాక్కోండి.

చైనా నుంచి దిగండి

అసలు ఉద్యోగం నాకు బాగేపల్లిలో మొదలైంది. మన వైపు సంగతి మీకు తెలిసిందే. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో కన్నడ చదువుకుంటాం. నా లైబ్రరీలో కన్నడ పుస్తకాలు నిండా ఉన్నాయి, చదివేవాళ్ళు కొందరే. వినేవాళ్ళు మాత్రం బోలెడుమంది. లైబ్రరీ బస్టాండు పక్కనే. సంత రోజు పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు బస్సు వచ్చేదాకా మా వరండా నీడలో కూర్చునేవారు. సంచులు పక్కన పెట్టుకుని ఊరికే కూర్చోవడం ఎందుకని, నేను ఒక కన్నడ కథల పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టాను. కళ్ళు కన్నడలో చదివేవి, నోరు తెలుగులో చెప్పేది. ఇది గొప్ప విద్యేమీ కాదు. మన ప్రాంతంలో అందరూ రోజూ చేసేదే. కరెంటు బిల్లు చూసి అవ్వకు చెప్పే ప్రతి మనవరాలూ ఇదే చేస్తుంది.

ఒకసారి కొత్త పుస్తకాల కట్టలో చైనా భాషలో రాసే ఒకావిడ తొలి కథలు వచ్చాయి. ఇంగ్లీషు మీదుగా కన్నడలోకి వచ్చిన పుస్తకం. ఆమె పేరు నాకు సరిగ్గా పలకడం రాదు. తప్పుగా రాసి ఆమెను నొప్పించడం ఇష్టం లేక రాయడం లేదు. చిన్న ఊళ్ళో సర్కారు ధాన్యం అంగట్లో తూకం వేసే ఉద్యోగం ఆమెది. వరుసలో నిలబడిన ఆడవాళ్ళ మాటలు వింటూ, జనం లేనప్పుడు కాటా పక్కనే కూర్చుని కథలు రాసేదట.

మొదటి కథలో అన్నదమ్ములు ఇల్లు పంచుకుని వంటింటి మధ్యలో గోడ కడతారు. పొయ్యి చిన్న కోడలి పక్కకు పోతుంది. పెద్ద కోడలు బయట ఇటుకలు పెట్టుకుని వండుకుంటుంది. నేను అక్కడిదాకా చదివానో లేదో, వరండా అంతా గోల.

"గోడ పెట్టేముందు పొయ్యి యా పక్కకు పోతాదని చూసుకోవద్దా ఆయమ్మ?"

"చూసింటాది. నోరు తెరిచి అడగలేక ఊరుకున్నిది."

"అదేమి చైనా అప్పా! మా యింట్లోనూ ఇట్లే చేసినారు."

"వాళ్ళకు రాగి సంగటి ఉండాదా?" అని ఒక పెద్దామె అడిగింది. లేదమ్మా, అన్నమే తింటారు అన్నాను. "పొద్దస్తమానం అన్నమేనా? పాపం, ఇంక బలం యాడ నుంచి వస్తాది!" అని ఆ పెద్దామె నిజంగానే బాధపడింది.

పెద్ద కోడలిది తప్పా, చిన్న కోడలిది తప్పా అని తగువు తెగలేదు. పాతపాళ్యం బస్సు కండక్టరు హారన్ కొట్టి కొట్టి విసిగి, వరండా దాకా నడిచొచ్చాడు. "అమ్మా, ఇంక చైనా నుంచి దిగండి. బస్సు పోతాది" అన్నాడు. సగం మంది దిగలేదు. కథ అయ్యాక, తర్వాతి బస్సుకే వెళ్ళారు.

అమ్మాయిలూ, ఇది గుర్తుపెట్టుకోండి. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు "బాగుంది సార్" అని అన్నవాళ్ళు సగమే చదివుంటారు. నిజంగా చదివినవాళ్ళు మీతో పోట్లాటకు వస్తారు, లేదా బస్సు వదులుకుంటారు. పాఠకుల అభిప్రాయం కనుక్కోమని పై నుంచి ఉత్తర్వులు వచ్చినప్పుడల్లా నాకు ఆ కండక్టరు ముఖమే గుర్తొచ్చేది.

వరలక్ష్మి

ఆ వరండాలో చివర ఒక అమ్మాయి కూర్చునేది. పేరు వరలక్ష్మి. బస్టాండు ఎదురుగా చిన్న టైలరింగ్ అంగడి. జాకెట్లకు హుక్కులు కుట్టే పని చేతిలో పెట్టుకుని వచ్చి, తల ఎత్తకుండా కుడుతూ కథ వినేది. ఎవరి తగువులోనూ నోరు కలిపేది కాదు. చైనా కథలన్నీ అయిపోయిన వారం, మడత పెట్టిన కాగితాలు నా బల్ల మీద పెట్టి, "తప్పులుంటే తిట్టండి సార్" అని సర్రున వెళ్ళిపోయింది.

విప్పి చూస్తే కన్నడ అక్షరాలు. చదివితే తెలుగు. అది కూడా పుస్తకాల తెలుగు కాదు, వాళ్ళ ఊరు పాతపాళ్యం తెలుగు. ఆమెకు తెలుగు అక్షరాలు రావు. మనలో చాలామందికి రావు. ఫోన్లలో మెసేజీలు కూడా అందరం అలాగే పెట్టుకుంటాం కాబట్టి నాకు చదవడానికి ఏ ఇబ్బందీ కలగలేదు. ఇబ్బందల్లా కథతోనే వచ్చింది. చదివాక ఆ రోజు ఇంకే పనీ చేయలేకపోయాను.

అది వాళ్ళ పెద్దమ్మ నారాయణమ్మ కథ. వరలక్ష్మి పసితనంలోనే తల్లి పోతే, తల్లికి అక్క అయిన ఈ నారాయణమ్మే పెంచింది. నారాయణమ్మ భర్త, ఆయన తమ్ముడు చెన్నరాయప్ప భాగాలు పంచుకున్నప్పుడు బావి తమ్ముడి వైపు పడింది. నీళ్ళు మాత్రం రోజు మార్చి రోజు ఇద్దరూ వాడుకునేట్టు మాట అనుకున్నారు. భర్త పోయిన ఏడాది ఎండాకాలంలో చెన్నరాయప్ప మోటారు గదికి తాళం వేశాడు. నారాయణమ్మకు ఉన్నది చిన్న మల్బరీ తోట, ఇంట్లో తట్టల నిండా పట్టుపురుగులు. పురుగు కుబుసం విడిచే దశను మనవాళ్ళు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగు ఆకలి తట్టుకోలేదు. తోట ఎండిపోయింది. ఆమె దిబ్బూరహళ్ళిలో బంధువుల తోటకు పోయి ఆకు అడిగి తెచ్చింది. బస్సు దిగేసరికి ఆకు వాడిపోయింది. పురుగులు గూడు కట్టకుండానే పోయాయి. తట్టలు కడిగి అటక మీద పెట్టి, మళ్ళీ దించలేదు.

అప్పట్నుంచి ఎదురెదురు ఇళ్ళల్లో ఉంటూ మరిదితో మాటల్లేవు. మాటల్లేవంటే అసలు చెప్పుకోరని కాదు. పల్లెలో ఎదురింటి మనిషికి ఏదో ఒకటి చెప్పక తప్పదు. ఆమె తన దూడకు చెబుతుంది, గట్టిగా. "రేపు కరెంటు ఉండదంట, నీళ్ళు పట్టుకోమను." ఆయన తన గోడకు చెబుతాడు. "విన్నాం, విన్నాం." ఊళ్ళో ఎవరికీ ఇది వింత కాదు.

కథ చివర్లో మరిది జబ్బుపడి మంచానపడతాడు. నారాయణమ్మ చెంబులో రాగి గంజి తీసుకుని వీధి దాటి పోయి, "లెయ్, తాగు" అంటుంది. అంతే కథ.

మా తాత నాకు తెలుగు అక్షరాలు నేర్పించాడు. కాగితాలన్నీ కూర్చుని తెలుగు అక్షరాల్లోకి దించి, ఒక తెలుగు పత్రికకు పంపాను. ఒక్క మాటా మార్చలేదు. వాళ్ళూ మార్చకుండానే వేశారు.

మంచి పని చేసినావమ్మా

కథ కింద వరలక్ష్మి ఫోన్ నంబరు వేశారు. హిందూపురం నుంచి, మదనపల్లి నుంచి, ఎక్కడెక్కడి నుంచో మెసేజీలు. ఒక రిటైర్డ్ మిలిటరీ ఆయన మాటల బదులు ఏడుపే రికార్డు చేసి పంపాడు. ఒకావిడ, కథ చదివి తాను తన చెల్లెలి ఇంటికి వెళ్ళొచ్చానని రాసింది. వరలక్ష్మి ఆ ఫోను పట్టుకుని రోజూ లైబ్రరీకి వచ్చేది. హుక్కుల పని కూడా మరిచిపోయేది. ఆ పిల్ల ముఖం అంత వెలుగుతూ చూడటం నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. సొంత కూతురు ఫస్టున పాసైనట్టు వీధంతా చెప్పుకున్నాను. ఇంకో కథ మొదలుపెట్టింది కూడా.

తర్వాతి వారం ఆ పిల్ల వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. "సార్, నేను ఇంక రాయను" అంది.

జరిగింది ఇది. పత్రిక చదివినవాళ్ళు, చదివినవాళ్ళ దగ్గర విన్నవాళ్ళు, చింతామణి మార్కెట్టుకు సరుకు తీసుకెళ్ళే దారిలో పాతపాళ్యంలో ఆగి మరీ నారాయణమ్మను పలకరించారు. "మరిదికి గంజి పోసినావంట, మంచి పని చేసినావమ్మా" అని కొందరు చేతులు కూడా పట్టుకున్నారు. ఇది చెన్నరాయప్ప చెవిన పడింది. ఆయన నిజంగానే ఆ మధ్య జబ్బుపడి లేచాడు. వదిన మనసు కరిగిందనుకుని, పాపం, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి ఆమె అరుగు మీద కూర్చున్నాడు. ఆమె దూడ వైపు తిరిగి, "ఎవరో ఇల్లు మరిచి వచ్చి కూచోనుండారు, పొమ్మను" అంది. ఆయన లేచి వెళ్ళిపోయాడు. వీధి వీధంతా చూసింది.

ఆదివారం వరలక్ష్మి ఊళ్ళో ఇంటికి పోతే, పెద్దమ్మ ఆమె ముఖం చూడలేదు. దూడకు గడ్డి వేస్తూ, "సంగటి మూత పెట్టుండాది, తినమను" అంది.

"సార్, నన్ను కూడా ఆయప్ప మాదిరి దూడ వరసలో పెట్టేసిండాది" అని ఆ పిల్ల నా బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. "అమ్మ ముఖం నాకు గుర్తు లేదు. నాకు అమ్మంటే ఆయమ్మే. నేను ఆయమ్మను మంచిగానే చూపిచ్చినాను కదా సార్, ఇంత కోపమెందుకు? కథ ముఖ్యమా, మా పెద్దమ్మ ముఖ్యమా? నాకు పెద్దమ్మే కావాల. రాసిందంతా చింపేస్తాను."

చింపొద్దని మాత్రం చెప్పగలిగాను. ఎవరో ఏదో చేర్చి చెప్పి నారాయణమ్మ మనసు విరిచేసుంటారని నా అనుమానం. ఆమెకు చదువు రాదు. కథ అందరికీ తెలుసు, ఆమె మాత్రం వినలేదు. కాబట్టి పత్రిక సంచిలో పెట్టుకుని పాతపాళ్యం బస్సెక్కాను. వరలక్ష్మి కూడా వచ్చింది కానీ, వీధి మొదట్లోనే ఆగిపోయింది.

ఆ గంజి తీసుకొని పోయిన ఆయమ్మ ఎవరు?

నారాయణమ్మ అరుగు మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. ఎదురరుగు మీద చెన్నరాయప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మధ్యలో వీధి. దూడ మాత్రం దేనితోనూ సంబంధం లేనట్టు పడుకుని ఉంది.

"రా అప్పా, కూచో. మజ్జిగ తాగు" అంది. లోటా నా చేతికిచ్చి, దూడతో, "తోడు ఎవరన్నా వచ్చింటే ఎండలో నిలబడద్దని చెప్పు. చింత చెట్టు కింద నీడుండాది" అంది. ఆ మాటతో నాకు సగం ధైర్యం వచ్చింది.

కథ చదువుతానమ్మా అన్నాను. తల ఊపింది. చదువుతుంటే చేతులు ఒలుస్తూనే ఉన్నాయి. పురుగుల దగ్గరికి వచ్చేసరికి ఆగాయి.

"నాలుగో జ్వరం లేచినాక ఆకేస్తే, ఇంట్లో వాన పడినట్ల సద్దు ఉంటాదప్పా. ఆ పొద్దు ఇంట్లో సద్దే లేదు" అంది. "ఎంత బాగా రాసిండాది నా బిడ్డ. అప్పుడు చిన్నపిల్ల. యాడ చూసిందో, యాడ పెట్టుకున్నిందో."

చివరిదాకా చదివి పత్రిక మూశాను. ఆమె ఒళ్ళో పడ్డ తొక్కలు దులిపింది.

"ఎండిన తోట దాకా నేనే. ఆ గంజి తీసుకొని పోయిన ఆయమ్మ ఎవరు?"

"మీరేనమ్మా. కథ కదా, మిమ్మల్ని గొప్పగా చూపించాలని..."

"నేనేం తక్కువున్నానని ఎక్కువ చేసిండాది?"

చదివినప్పుడు నాకు నచ్చిందీ ఆ గంజి చెంబే.

"అందరూ వచ్చి మంచి పని చేసినావంటారు. అంటే ఇన్నేండ్లు నేను చేసింది చెడ్డ పనా? తోట పోయింది, పురుగులు పోయినాయి, ఇంటాయన పోయినాడు. నాకని మిగిలింది ఈ కోపమొకటే. అది నాది అప్పా. నేను పెంచిన పిల్లే దాన్ని తీసుకపోయి ఆయప్పకు ఊరికే ఇచ్చేసిండాది. నన్నొక మాట అడిగిందా?"

ఎదురరుగు మీద చెన్నరాయప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆమెకు ఆయన కనబడుతున్నాడు, వినబడుతుందనీ తెలుసు. గొంతు తగ్గించలేదు.

"ఆయప్ప పడిపోయిన పొద్దు నేను పోలేదు. గడప దాటలేదు. ఊరంతా రాయి మనిషి అన్నిది. ఆ పొద్దు నా యింట్లో పొయ్యి ముట్టియ్యలేదు. ఈ అరుగు మీదే కూచోని, దూడకు చెప్పినాను గట్టిగా. ఈడ సూది మందు ఏపిచ్చి ఊరుకోవద్దు, మూలింటి ఆటో ఇంట్లోనే ఉండాది, చింతామణి పెద్దాసుపత్రికి తీసుకపొమ్మను అని. ఆటో పోయే దాకా కూచోనింటి, మళ్ళీ వచ్చే దాకా కూచోనింటి. కానీ పోలేదు. రాసేదుంటే అది రాయమను. పోకుండా ఎట్ల కూచోనింటినో అది రాయమను."

అప్పుడు చెన్నరాయప్ప తన గోడ వైపు తిరిగాడు. "ఆ పొద్దు ఆ దూడ చెప్పకపోయింటే నేను ఉండేవాణ్ణే కాదు" అన్నాడు.

నారాయణమ్మ తల ఎత్తలేదు. మళ్ళీ చెనక్కాయలు ఒలవడం మొదలుపెట్టింది. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

ముందుమాట

బస్సులో వస్తూ ఇదంతా వరలక్ష్మికి చెప్పాను. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దిగేముందు, "నాకు భయమేసింది సార్. పోలేదని రాస్తే చదివినోళ్ళు పెద్దమ్మను ఏమన్నా అనుకుంటారని" అంది.

మన వైపు పిల్లలు మాత్రమే చేయగల తప్పు ఇది. పెద్దవాళ్ళ పేరెత్తితేనే చెప్పులు విడిచి నిలబడే పెంపకం మనది. ప్రేమతోనే ఆ మనిషిని కడిగి, పసుపు పూసి, పటం కట్టేస్తాం. ఆ మనిషి పటంలోంచి దిగి, నేను బతికే ఉన్నాను కదా అంటే తెల్లబోతాం.

మర్నాడు చైనా ఆవిడ పుస్తకం తీసి వరలక్ష్మి చేతికిచ్చి, ముందుమాట చదవమన్నాను. వరండాలో నేను ముందుమాటలు చదివేవాణ్ణి కాదు, కథ కావాలని గొడవ చేసేవారు. చైనా ఆవిడ అందులో తన మొదటి రోజుల గురించి రాసుకుంది. తొలి కథల్లో మనుషులందర్నీ ఉన్నదానికంటే మంచివాళ్ళుగా రాసిందట. మర్నాడు పొద్దున వాళ్ళకే బియ్యం తూచాలి కదా. అయినా వాళ్ళు తమను గుర్తుపట్టి, ఆమె కాటా వదిలి పక్క కాటా దగ్గర వరుస కట్టారట. ఎంత మంచిగా రాసినా కోపం తప్పనప్పుడు, నిజంగా ఉన్నట్టే రాసి కోపం తెచ్చుకోవడం మేలని ఆమెకు చాలా కాలానికి తోచిందట.

వరలక్ష్మి పుస్తకం మూసి, "దీన్ని ముందే ఇచ్చింటే ఏం పోయిండేది సార్?" అని నామీద విరుచుకుపడింది. ఏడుపు పోయి కోపం వచ్చింది. నాకు ప్రాణం కుదుటపడింది.

కథ మళ్ళీ రాసింది. ఈసారి గంజి లేదు. ముట్టించని పొయ్యి ఉంది, అరుగు ఉంది, దూడ ఉంది. తర్వాత అది కూడా అచ్చయింది. మొదటిదానికి వచ్చినన్ని మెసేజీలు రాలేదు. ఆ మిలిటరీ ఆయన, ఆడమనిషికి అంత పంతం పనికిరాదని కాస్త కోపంగానే పంపాడు. క్షమించడం చదివేవాళ్ళకు సులువు, వాళ్ళ తోట ఎండలేదు కదా. ఇప్పటికీ ఎక్కడైనా పాఠకులు నన్ను పట్టుకుని, చివరికి ఆ వదినా మరిదీ కలిశారా అని అడుగుతారు. కలవలేదు. దూడ పెద్దదై ఈనింది. ఇప్పుడు నారాయణమ్మ దాని దూడకు చెబుతోంది.

సంత రోజు

కానీ నేను చెప్పాలనుకున్నది అచ్చుకు ముందు జరిగింది.

కొత్త కథ చేతికి రాగానే, పాతపాళ్యం బస్సు కండక్టరుతో నారాయణమ్మకు కబురు పెట్టాను. కథ మారింది, సంత రోజు చదువుతున్నాం, రమ్మని. వస్తుందని నమ్మకం లేదు. వరలక్ష్మి రెండు రోజులుగా సరిగ్గా తినలేదు. "రాకపోతే ఈ కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి సార్, నాకు వద్దు" అని ముందే చెప్పేసింది.

నారాయణమ్మ వచ్చింది. సంచి పక్కన పెట్టుకుని, వరండాలో అందరికంటే ముందు, కాళ్ళు చాపుకుని కూర్చుంది. వరలక్ష్మి ఎప్పటిలాగే చివర, చేతిలో ఎవరిదో జాకెట్టు. పెద్దమ్మ అటు చూడలేదు. పాతపాళ్యం నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురికి సంగతి తెలుసు కాబట్టి వాళ్ళు గుసగుసలాడుకున్నారు.

నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. బావి అయింది. తాళం అయింది. పురుగులూ అయ్యాయి. మరిది పడిపోయిన చోటికి వచ్చాను. పెద్దమ్మ గడప దాకా వచ్చి ఆగింది అని చదువుతుండగా, నారాయణమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది.

ఆమె పక్కకు చూసింది. అక్కడ దూడ లేదు. మా లైబ్రరీ గోడ ఉంది, దాని మీద పాత క్యాలెండరు ఉంది. ఆమె గోడను కాసేపు చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని పూర్తిగా వెనక్కి తిరిగింది.

"ఏమే వరాలూ, నువ్వు చదువే. ఈ సారు చదివితే నేను ఎవరో తాలూకా కచేరి ఆఫీసరు మాదిరి మాట్లాడతాండాను."

వరలక్ష్మి చేతిలో జాకెట్టు కింద పడింది. లేచి, అందర్నీ దాటుకుంటూ ముందుకు వచ్చింది. నేను కాగితాలు ఆమె చేతికిచ్చి, ఆమె కూర్చున్న చోటికే పోయి ఆడవాళ్ళ వెనక నేల మీద కూర్చున్నాను. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆ వరండాలో నేను కూర్చుని విన్నది ఆ ఒక్క కథే. ఇక్కడుందమ్మా అసలు పని, గుమ్మం దగ్గర నన్ను అడిగినదానివి నువ్వే కదా.

మొదట్లో ఆ పిల్ల కాగితం మీంచి తల ఎత్తలేదు. తర్వాత సర్దుకుంది. ఆటో వెళ్ళింది, ఆటో తిరిగి వచ్చింది, పొయ్యి చల్లగానే ఉంది, పెద్దమ్మ గడప దాటలేదు. కథ అయిపోయింది.

"అంతేనా? పోనే పోలేదా?" అని ఎవరో అడిగారు.

"పోలేదు" అంది నారాయణమ్మ.

బస్సు హారన్ మోగింది. కండక్టరు వరండా మెట్టు మీదికి వచ్చి, "అమ్మా, పాతపాళ్యం, పాతపాళ్యం" అన్నాడు. ఎవరూ కదలలేదు.

"పోనీప్పా నీ బస్సు. ఇంకో బస్సు రాదా?" అంది నారాయణమ్మ. తర్వాత కూతుర్ని చేయి పట్టి లాగి, తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"మొదట్నుంచి చదువే."